చిన్న తీగెవలయము: హైన్రిఖ్ హెర్ట్జు జీవితము

మహాపురుషుల చరిత్రములను వ్రాయువారు సాధారణముగ వారి బిరుదములను, వారికి జరిగిన సన్మానములను, వారు నెలకొల్పిన సంస్థలను బేర్కొని తృప్తి చెందుదురు. నేడు మేము తలపెట్టిన చరిత్రమునకు బిరుదము కేంద్రము కాదు, సంస్థయు గాదు. ఒక రాగితీగె కేంద్రము. గుండ్రముగ వంపబడి, రెండు కొనలును కలిసీ కలియక, నడుమ వెండ్రుకవాసి యెడమును మాత్రము మిగిల్చిన చిన్న తీగెవలయ మది. కంటికి గానరాని విద్యుదయస్కాంత క్షేత్రము ఏ చోట నెంత బలముగ నున్నదో, ఏ దిక్కునకు లాగుచున్నదో యడిగి తెలిసికొనుటకు మానవుడు చేతబట్టిన శోధినులలో మొదట బేర్కొనదగినది యదియే.

ఆ వలయమును చేతబట్టినవాడు జర్మనీ దేశీయుడైన హైన్రిఖ్ హెర్ట్జు. మన గృహములకు వచ్చు విద్యుత్తు 50 హెర్ట్జులదనియు, రేడియో కేంద్రము లిన్ని కిలోహెర్ట్జులపై ప్రసారము చేయుచున్నవనియు, చేతిఫోనులు మెగాహెర్ట్జులలో మాటలాడుకొనుచున్నవనియు నిత్యము వినుచున్నాము. పేరు కొలమానమై నిలిచినది. మనిషి మఱుగున బడినాడు. 36 ఏండ్లకే గతించిన యా మనీషి జీవితమున, బిడ్డలను శాస్త్రవిద్యకు బంపుచున్న మన తల్లిదండ్రులు గ్రహింపదగిన విషయ మొకటి కలదని మేము తలంచుచున్నాము. అందువలననే యీ ప్రస్తావన.

హెర్ట్జు 1857 వ సంవత్సరము ఫిబ్రవరి 22 వ తేదీన హాంబర్గు నగరమున జన్మించెను. తండ్రి గుస్తావ్ హెర్ట్జు న్యాయవాది. పిదప నగర ప్రభుత్వమున సెనేటరు పదవి నలంకరించినవాడు. తండ్రివైపువారు పూర్వము యూదులై, తరువాత క్రైస్తవమును స్వీకరించిన కుటుంబమువారు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన వలయును. కథ చివర దీనితో బని కలదు. సంపన్న గృహమున బుట్టిన యా బాలుడు గ్రంథములతో మాత్రమే తృప్తినొందలేదు. బడిలో ప్రాచీన భాషలను చదువుచు, అరబ్బీ భాషను నేర్చుకొనుచు, మిగిలిన వేళలందు వడ్రంగపు బల్లకడను, తరిమెన యంత్రముకడను గడపెడివాడు. అతనికి తరిమెన పని నేర్పిన పనివాడు, శిష్యుడు పెద్దయై యాచార్యు డయ్యెనని తరువాత విని, మంచి పనివాడు చేయిజారిపోయెనే యని విచారించెనట. మేము దీనిని పరిహాసముగ గొనము. ఆ చేతిపనియే పిదప యూరపుఖండమునందలి మహాపండితులు తేల్చలేని తగవును తేల్చినది.

మొదట హెర్ట్జు ఇంజనీరు కాదలచి ఫ్రాంక్‌ఫర్టులో పని నేర్చుకొని, డ్రెస్డెనులో జదివి, ఒక సంవత్సరము సైన్యసేవ చేసి, 1877 లో మ్యూనిచ్ చేరెను. అచ్చట మనస్సు మాఱినది. నిర్మాణవిద్యకంటె ప్రకృతి రహస్యముల నన్వేషించు విద్యయే తనకు స్వధర్మమని తోచి, తండ్రి యనుమతిని గోరుచు లేఖ వ్రాసెను. లాభకరమైన వృత్తిని విడిచి, ఫలము నిశ్చయముగాని మార్గమును ద్రొక్కుటకు గుమారు డనుమతి వేడగా నా తండ్రి వలదనలేదు. ఇట్టి తండ్రులు కలిగినపుడే దేశములకు శాస్త్రజ్ఞులు కలుగుదురు.

1878 లో హెర్ట్జు బెర్లిను చేరి, హెల్మ్‌హోల్ట్‌జ్, కిర్కాఫ్ అను నాచార్యుల సన్నిధిని శిష్యుడయ్యెను. ఆ కాలమున విద్యుచ్ఛాస్త్రమున గొప్ప వివాదమొకటి నడుచుచుండెను. ఒక తీగెలోని విద్యుత్తు దూరముననున్న మఱియొక తీగెపై బ్రభావము చూపుట యెట్లు? నడుమ నేమియు జరుగకుండ తత్క్షణమే యా ప్రభావము దూకునని ఖండమునందలి పండితులు పెక్కుమంది తలచిరి. నడుమనున్న యవకాశమునందే క్షేత్రమను నొక స్థితి కలదనియు, అందలి కలవరము కాంతి వేగముతో దరంగరూపమున వ్యాపించుననియు, కాంతియు నట్టి తరంగమే యనియు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1865 లో బ్రకటించిన సిద్ధాంతము. సిద్ధాంతము సుందరము, సాక్ష్యము మాత్రము లేదు. మాక్స్‌వెల్ 1879 లో సాక్ష్యమును జూడకయే మరణించెను.

ఆ సంవత్సరముననే బెర్లిను అకాడమీ యీ విషయమునకు సంబంధించిన పరీక్షకు బహుమానమును బ్రకటింపగా, దానిని సాధింపుమని హెల్మ్‌హోల్ట్‌జ్ శిష్యుని బ్రోత్సహించెను. హెర్ట్జు లెక్కవేసి చూచి, నాడు లభ్యమగు సాధనములతో దగినంత స్పష్టమగు ఫలము రాదని తేల్చుకొని, యా పనిని విరమించెను. గురువునకు బ్రియము కలిగించుటకై యరకొర ప్రయోగమొకటి చేసి చూపుట సులభమే. అట్లు చేయక, ప్రశ్నను మాత్రము మనస్సున నాటుకొని యేడెనిమిది సంవత్సరములు వేచియుండెను.

1880 లో డాక్టరు పట్టమును బొంది, మూడేండ్లు హెల్మ్‌హోల్ట్‌జ్‌కు సహాయకుడై, 1883 లో కీల్ నగరమునకు నుపన్యాసకుడుగ బోయెను. 1885 లో కార్ల్‌స్రూహె సాంకేతిక విద్యాలయమున నాచార్యుడై, 1886 జూలై 31 వ తేదీన సహాధ్యాపకుని కుమార్తె యగు ఎలిజబెత్ డోల్‌ను వివాహమాడెను. ఆ శరదృతువుననే, బోధనకై యుంచిన తీగెచుట్టల జంటను బరీక్షించుచుండగా నొక వింత కనబడెను. ఒక చుట్ట గుండ విద్యుత్తును విసర్జింపగా, దానితో నేమియు సంబంధము లేని రెండవ చుట్టలో నిప్పురవ్వలు పుట్టుచుండెను. అంత చిన్న విసర్జనము వలన నంత స్పష్టమగు ఫలము రాగూడదు. అన్యుడైనచో విద్యార్థులకు జూపదగిన వినోదమని సంతోషించి యంతతో విడిచియుండును. ఇతడు పాత ప్రశ్నకు దారి దొరకెనని గుర్తించెను.

అతడు సిద్ధపఱచిన పరికరములు మిక్కిలి సామాన్యములు. నడుమ ఖండింపబడిన యొక రాగితీగె. దాని వెలుపలి కొనలయందు జింకు గోళములు. నడుమ నెడమున నిప్పురవ్వను బుట్టించుటకు నొక ప్రేరణచుట్ట. రవ్వ పుట్టిన ప్రతిమాఱును తీగెలో విద్యుత్తు సెకనునకు గోట్ల పర్యాయముల వేగముతో నిటునటు నూగును. ఇది ప్రేషకము. గ్రాహకమేదన, మేము మొదట జెప్పిన తీగెవలయమే. దానిని హెర్ట్జు 35 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో జేసికొనెను. ఆ కొలత యూరక యేర్పడినది కాదు. వీణపై నొక తీగె మ్రోగగా, దానితో శ్రుతి కలిసిన తీగె తనంత తాను కంపించునట్లు, ప్రేషకపు టూగుతో వలయపు టూగు శ్రుతి కలియవలయును. కలిసినపుడు వలయపు కొనల నడుమ రవ్వ వెలుగును. ఎడమును సన్నని మరతో జేర్చుచు, విడదీయుచు, రవ్వ యింక బుట్టని హద్దును గుర్తించి, యా చోట క్షేత్రబల మెంతయో యంచనా వేసెడివాడు. ఆ రవ్వలు పలుమాఱులు మిల్లీమీటరులో నూఱవవంతు పొడవు మాత్రమే యుండెడివి. చీకటిగదిలో గన్నులు చీకటికి నలవాటు పడువఱకు వేచి, వాని కొఱకు వెదకవలసి యుండెను.

ఈ వలయముతో హెర్ట్జు చేసిన పని యొక భూమిసర్వేను బోలియుండెను. మన గ్రామములలో గొలుసు పట్టుకొని పొలము హద్దులను గొలుచువాడు మూలమూలకు బోయినట్లు, ఇతడు ప్రేషకము చుట్టును బ్రతి తావునకు వలయమును గొనిపోయెను. ప్రతి తావునను దాని తలమును మార్చిచూచెను. ఎడముండు కొనను బైకి, క్రిందికి, ప్రక్కకు ద్రిప్పిచూచెను. వలయము గుండ దూరిపోవు నయస్కాంత బలము వలన గొంత, తీగె పొడవున లాగు విద్యుద్బలము వలన గొంత రవ్వ పుట్టును గనుక, ఏ స్థితిలో వెలుగునో, యేస్థితిలో నారునో గమనించి, రెండింటిని వేఱుచేసి తెలిసికొనెను.

ఇందు సూక్ష్మమొకటి కలదు. కోనేటి మెట్టుపై నిలిచి కాలితో నీటిని గొట్టినచో, కాలి దగ్గఱి నీరు లేచి మరల నక్కడనే పడును. దూరముగ బోవునవి వలయతరంగములు మాత్రమే. ప్రేషకపు సమీపమునను నట్లే. అచ్చటి క్షేత్రబలములో నధికభాగము బయటకు బోయి మరల వెనుకకు వచ్చుచుండును. దూరము పెరిగినకొలది నది వడిగా దగ్గిపోవును. తరంగమై విడివడి పోవునది మెల్లగ దగ్గును గనుక దూరమున నదియే మిగులును. సమీపక్షేత్రమునకును, దూరక్షేత్రమునకును గల యీ భేదమును హెర్ట్జు వలయముతో గుర్తించి, 1889 లో బ్రకటించిన గణిత వ్యాసమున, బలరేఖలు ప్రేషకమునుండి ముడివడి తెగి వెడలుటను బటములు గీసి చూపెను.

నడుమ నింకొక సంఘటన జరిగినది. బలహీనమైన రవ్వను జక్కగ జూచుటకై వలయపు టెడముపై నొక పెట్టెను గప్పగా రవ్వ మఱింత చిన్నదయ్యెను. చీకటి పెరిగిన జక్కగ గనబడవలసినది యేల తగ్గవలె? హెర్ట్జు తన ముఖ్యకార్యమును నిలిపి, నెలల తరబడి యీ చిన్న సంగతినే పరిశోధించెను. ప్రేషకపు రవ్వనుండి వచ్చు నతినీలలోహిత కాంతి గ్రాహకపు రవ్వకు దోడ్పడుచున్నదనియు, గాజు దాని నడ్డగించుననియు, స్ఫటికము దాని నడ్డగింపదనియు దేల్చి, 1887 లో బ్రకటించెను. కాంతివిద్యుత్ఫలితమని నేడు ప్రసిద్ధమైన దృగ్విషయమునకు నిదియే నాంది. తనకు నచ్చని సాక్ష్యమును గూడ వినువానికే ప్రకృతి యడుగని రహస్యమును సైతము చెప్పును.

1888 లో గార్ల్‌స్రూహె విద్యాలయపు నుపన్యాసశాలయే ప్రయోగశాల యయ్యెను. 15 మీటర్ల పొడవుగల యా శాలలో నొక గోడకు 4 మీటర్ల యెత్తు, 2 మీటర్ల వెడల్పుగల జింకు రేకును దగిలించి, ఎదుట ప్రేషకమును నిలిపెను. పోవు తరంగమును, రేకున దగిలి మరలివచ్చు తరంగమును గలిసి నిలకడ తరంగ మేర్పడవలయును. వలయమును బట్టుకొని హెర్ట్జు ప్రేషకమునుండి గోడవఱకు నడచెను. ఒకచోట రవ్వ వెలిగెను, ముందుకు బోగా నారెను, మరల వెలిగెను. శూన్యమని తలచిన యవకాశమున నుబ్బులును, బల్లములును గలవని యా తీగెవలయము సాక్ష్యము చెప్పెను. తరంగపు పొడవు సుమారు 9.6 మీటర్లుగ లెక్కకు వచ్చెను. మాక్స్‌వెల్ సిద్ధాంతము నిలిచినది.

అయినను ఇచ్చట దాచరాని విషయమొకటి కలదు. గాలిలోని తరంగ వేగమును, తీగె వెంట బోవు తరంగ వేగమును సమానములు కావలెనని సిద్ధాంతము. హెర్ట్జు కొలతలలో నవి భిన్నములుగ దేలినవి. తాను సమర్థింపబూనిన సిద్ధాంతమునకే ప్రతికూలమైన యీ ఫలమును దాచిపెట్టక, ఉన్నదున్నట్లు ప్రకటించెను. పిదప నతని లెక్కలో నొక పొరపాటు కలదని ఫ్రాన్సు దేశపు గణితవేత్త పాయింకరే చూపెను. శాలలోని యినుప స్తంభములు, ఇనుప పొయ్యి తరంగమును గలవరపఱచి యుండుననియు, తరంగమునకు శాల చాలలేదనియు దోచినది. 1893 లో జెనీవా శాస్త్రజ్ఞులు సరాజెన్, దె లా రీవ్ అనువారు విశాలమగు శాలలో బ్రయోగించి రెండు వేగములును సమానములే యని నిర్ణయించిరి. 1892 లో దన వ్యాసములను గ్రంథరూపమున బ్రకటించినపుడు హెర్ట్జు తన తప్పులను దానే పీఠికలో వివరించెను. కీర్తి శిఖరమున నున్నవాడు తన దోషమును దన గ్రంథ ముఖముననే యుంచుట సామాన్యుల వలన గాదు. రాజకీయములలో నున్న మా వంటివారు దీనినుండి నేర్చుకొనవలసినది చాల గలదు.

శాల చాలనపుడు శాలను బెంచుట ధనికుల మార్గము. హెర్ట్జు తరంగమునే కుదించెను. 26 సెంటీమీటర్ల పొడవుగల చిన్న ప్రేషకమును జేసి, సుమారు 66 సెంటీమీటర్ల తరంగములను బుట్టించెను. తరంగము చిన్నదైన శోధినియు జిన్నది కావలయును. కాన 1 మిల్లీమీటరు మందముగల తీగెను 7.5 సెంటీమీటర్ల వ్యాసముగల వలయముగ వంచెను. అరచేత నిముడు నా వలయముతో వెదకుచు, రేకు దర్పణములు తరంగములను గాంతివలె గేంద్రీకరించుటను జూచెను. 600 కిలోగ్రాముల తారు పోసి చేసిన పట్టకముచే వానిని వక్రింపజేసెను. తీగెల జాలముచే వాని కంపనదిశను నిరూపించెను. మూసిన కొయ్యతలుపు గుండ నవి పొరుగుగదికి బోవుటను గనెను. 1888 డిసెంబరున నీ ఫలితములు బెర్లిను అకాడమీకి సమర్పింపబడెను. విద్యుత్తును, గాంతియు నొక్క కుటుంబమువే యని లోకము నమ్మెను.

1889 లో హెర్ట్జు బాన్ విశ్వవిద్యాలయమున గ్లాసియస్ స్థానమున నాచార్యుడయ్యెను. మఱుసటి సంవత్సరము లండను రాయల్ సొసైటీ రంఫర్డు పతకము నొసగెను. తన తరంగములతో దంతులు లేని వార్త లంపవచ్చునని యతడు తలపలేదు. ఒక ఇంజనీరు టెలిఫోను కంపనముల నిట్లు పంపవచ్చునా యని ప్రశ్నింపగా, అంత నెమ్మదియైన కంపనములకు దర్పణము ఖండమంత పెద్దది కావలెనని ప్రత్యుత్తరము వ్రాసెను. ఫలాపేక్ష లేక చేసిన పనికే యింత ఫలము కలిగినది.

1892 నుండి వ్యాధి పీడింపసాగెను. శస్త్రచికిత్సలు పలుమాఱులు జరిగినను గుణము కనబడలేదు. బాధ నడుమనే యంత్రశాస్త్ర మూలసూత్రములను గూర్చి గ్రంథమును ముగించి, 1893 డిసెంబరు 7 వ తేదీన గడపటి యుపన్యాసమిచ్చి, 1894 జనవరి 1 వ తేదీన గన్నుమూసెను. భార్యయు, ఇద్దఱు చిన్న కుమార్తెలును మిగిలిరి. ఆ గ్రంథము మరణానంతరము వెలువడినపుడు వృద్ధుడగు హెల్మ్‌హోల్ట్‌జే పీఠిక వ్రాసి, యా సంవత్సరము సెప్టెంబరుననే తానును శిష్యుని యనుసరించెను. శిష్యుని గ్రంథమునకు గురువు పీఠిక వ్రాయుట శుభమే. మృతుడైన శిష్యుని గ్రంథమునకు వ్రాయవలసివచ్చుట యెంత దుస్సహమో పాఠకులే యూహింపగలరు.

హెర్ట్జు మరణించిన యా 1894 లోనే ఇంగ్లండున ఆలివర్ లాడ్జి యతని కృషిని గూర్చి యుపన్యసించెను. అది చదివి యుత్సాహము పొందినవారిలో గలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలాచార్యుడు జగదీశచంద్ర బోసు ఒకడు. ఆంగ్లేయునికంటె దక్కువ జీతమిచ్చుట కవమానపడి మూడేండ్లు జీతమే ముట్టని మానధనుడాయన. తగిన ప్రయోగశాల లేకున్నను, దేశీయులగు పనివాండ్ర సాయముతో దన పరికరములను జేయించుకొని, హెర్ట్జు తరంగములను మిల్లీమీటర్ల పరిమాణమునకు గుదించి, వానికి దగిన చిన్న గ్రాహకములను నిర్మించెను. 1895 లో గలకత్తా పురమందిరమున గోడలగుండ దరంగములను బంపి గంట మ్రోగించి, మందుగుండును బేల్చెను. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో వానిని బ్రదర్శించి పండితుల మెప్పును బొందెను. కార్ల్‌స్రూహెలో వెలిగిన రవ్వ పరపాలనలోనున్న మన దేశమునను వెలిగినదనుట కిదియే నిదర్శనము.

నేడును ఆ తీగెవలయము మృతి చెందలేదు. చేతిఫోనులు, గణనయంత్రములు చేయువారు సర్క్యూటు బోర్డులపై నెచ్చటనుండి యనవసరమగు తరంగములు పొరలివచ్చుచున్నవో కనుగొనుటకు, గొన్ని మిల్లీమీటర్ల వలయములను జిటికెనవ్రేలంత పిడికి దగిలించి, బోర్డుపై నంగుళమంగుళము వెదకుచుందురు. అయస్కాంత క్షేత్రమునకు వలయము, విద్యుత్‌క్షేత్రమునకు జిన్న తీగె మొలక. ఫోను మనిషి తలలో నెంత శక్తిని విడుచునో కొలుచుటకు, ఒండొంటికి లంబముగ నున్న మూడు సూక్ష్మ గ్రాహకములుగల శోధినిని, శరీరధర్మము గల ద్రవములో ముంచి త్రిప్పుదురు. 900 మెగాహెర్ట్జుల తరంగపు పొడవు 33 సెంటీమీటర్లు; దాని సమీపక్షేత్రము సుమారు 5 సెంటీమీటర్ల లోపలనే ప్రబలముగ నుండును. అంత యిఱుకు తావున బెద్ద శోధినిని జొనిపినచో నది క్షేత్రమునే చెఱచును; గ్రామవిచారణకు వచ్చిన యధికారి పెద్ద పరివారముతో దిగినచో నిజము చెప్పువాడు దొరకనట్లు. మఱి మిక్కిలి చిన్నదైన దాని పలుకు సన్నమై వినబడదు. చిన్నతనమునకును, వినికిడికిని నడుమ సమన్వయము చేయుటయే యీ విద్యలోని కష్టమంతయు. హెర్ట్జు 35 సెంటీమీటర్ల వ్యాసార్ధమునుండి 7.5 సెంటీమీటర్ల వ్యాసమునకు వచ్చినపు డెదుర్కొన్న సమస్యయే యిది.

ఇక మేము ముందు జ్ఞాపకముంచుకొన వలయునన్న సంగతి. 1930 లో నంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము కంపనముల కొలమానమునకు హెర్ట్జు పేరు పెట్టెను. కొలది యేండ్లలోనే జర్మనీ నాజీల వశమయ్యెను. పితామహుల కులమును వెదకి, యూదరక్తము కలదని, హాంబర్గు పురమందిరమునుండి హెర్ట్జు చిత్రపటమును దొలగించిరి. అతని భార్యయు, గుమార్తెలును స్వదేశము విడిచి ఇంగ్లండు చేరవలసి వచ్చినది. బానులో నతనికి సహాయకుడై, యతని కడపటి గ్రంథమును బ్రకటించిన లెనార్డే నాజీల పక్షము జేరి, శాస్త్రమునకు జాతి కలదని బోధించెను. ఐనను జర్మనీలోని రేడియోలు మ్రోగుచున్నంతకాలము హెర్ట్జు తరంగములు గోడలను దాటుచునే యుండెను. పటమును దీసివేయగలిగిరి గాని తరంగముల నాపలేకపోయిరి. నాజీలు నశించిన పిమ్మట పటము మరల ప్రదర్శనకు వచ్చెను; 1960 లో లోకరాజ్యములు హెర్ట్జు కొలమానమును మరల స్థిరపఱచెను. కులమును జూచి మేధస్సును దూరము చేయు దేశము తన దీపమును దానే యార్పుకొనును. ఈ మాటను మనదేశీయులము పరుల కథగ వినరాదు.

మా మనవి యొక్కటియే. మన యిండ్లలో జదువుకొను పిల్లవానిని జేతిపని ముట్టనీయము. చేతిపని వచ్చిన పిల్లవానిని జదువనీయము. చేయి యొక వీధిలో, బుద్ధి యొక వీధిలో నివసించినంతకాలము రెండును బేదలే. తరిమెన పట్టిన చేయియే మాక్స్‌వెల్ సమీకరణములను జదివినందున లోకమునకు నొక క్రొత్త యింద్రియము కలిగెను. మన గ్రామములలోని కంసాలి కమ్మరి పిల్లల చేతుల కట్టి గణితమును, మన కళాశాలలలోని పట్టభద్రుల బుద్ధుల కట్టి పనిముట్టును జేర్చగలిగిన దినమున, మన దేశమునను చీకటిగదిలో నొక రవ్వ కొఱకు గన్నార్పక వేచియుండువాడు బయలుదేరును. అట్టి బాలుడు తమ యింటనే పెరుగుచుండవచ్చునని మన పాఠకులు గుర్తించి, యతని చేతికి నొక తీగెముక్కను, కొంత యవకాశమును నిత్తురుగాక.